ఇంజిన్ ఆపాక వచ్చే కూత

ఆ కూత నేను మొదటిసారి విన్నది ఫిబ్రవరి మొదటి మంగళవారం. కూరగాయలు తెచ్చుకుని, కారు గరాజ్‌లో పెట్టి, ఇంజిన్ ఆపాను. ఇంజిన్ శబ్దం ఆగింది. దాని వెనకే కారు ముందు భాగంలో ఎక్కడో, గాజు మీద సూదితో గీసినట్టు సన్నటి కూత ఒకటి లేచి, మధ్యలో ఎవరో గొంతు పట్టుకున్నట్టు తెగిపోయింది. నేను సీటు బెల్టు తీయకుండా కూర్చున్నాను. మళ్లీ రాలేదు. గరాజ్ తలుపు దిగి మూసుకుంది. కాసేపటికి లైటు కూడా ఆరిపోయింది.

శబ్దాల విషయంలో నేను తొందరపడి మాట్లాడే మనిషిని కాదు. కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఇరవై ఆరేళ్లు నా ఉద్యోగం శబ్దాలు కొలవడమే. గోడల నిండా స్పాంజి ముక్కలు అతికించిన గదిలో ఇంజిన్ నడిపి, ఏ శబ్దం ఏ భాగంలోంచి వస్తోందో తేల్చి చెప్పాలి. మైకు ఒకటి చెప్పి చెవి ఇంకొకటి చెబితే చెవిని నమ్మవద్దని కొత్తగా చేరినవాళ్లకు నేనే నేర్పేదాన్ని. ఆ మాట చివరికి నా మీదే ప్రయోగం అవుతుందని అప్పుడు అనుకోలేదు.

మా ఆయన పని టర్బోల మీద. ఇంజిన్‌లోంచి బయటికి పోయే వేడి గాలి వృథా కాకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజిన్‌లోకి అదనంగా గాలి తోస్తుంది, అదే టర్బో. రోడ్డు మీద వేగం అందుకున్నప్పుడు అది నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాని ఇరుసు లోహానికి ఆనుకుని తిరగదు, పలచటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిల్‌ను దానికి తెచ్చి ఇచ్చేది పెన్సిలంత లావైనా లేని ఒక్క స్టీలు గొట్టం. ఆయన ఉన్నన్నాళ్లూ ఇల్లు చేరగానే ఇంజిన్ ఆపేవారు కాదు. గరాజ్ బయట డ్రైవ్‌వేలోనే కాసేపు నడవనిచ్చి, "పరిగెత్తి వచ్చింది, కాస్త చల్లబడనీ" అనేవారు. నేను సంచులు పట్టుకుని చలిలో విసుక్కునేదాన్ని. ఆయన పోయి మూడేళ్లు దాటింది. కారు నాకు మిగిలింది.

అమెరికాలో మేముండే ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో కారు లేకపోతే మనిషి లేనట్టే. గుడికి వెళ్లాలన్నా, పప్పు తెచ్చుకోవాలన్నా, స్నేహితురాలి ఇంట్లో గంట కూర్చుని రావాలన్నా తాళం చెవి చేతిలో ఉండాలి. అందుకే ఆ కూత గురించి మా అమ్మాయికి చెప్పడానికి వారం ఆలోచించాను. ఆ వారంలో కూత రోజూ వచ్చింది. రోజురోజుకీ త్వరగా తెగిపోసాగింది. ఒక మధ్యాహ్నం వంటింట్లో పోపు పెడుతుంటే, కారు ఆపి గంట దాటాక, గోడ అవతల నుంచి మళ్లీ వినిపించింది. స్టవ్ కట్టేసి గరాజ్‌లోకి వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

ఈ రెండో సంగతి కూడా చెప్పడమే నేను చేసిన పొరపాటు. మా అమ్మాయి ఫార్మసిస్టు, ఇరవై నిమిషాల దూరంలో ఉంటుంది, ఇక్కడే పుట్టి పెరిగింది. ఫోన్‌లో అంతా విని అంది.

"అమ్మా, కార్ ఆఫ్‌లో ఉంది. ఆఫ్‌లో ఉన్న కార్ సౌండ్ చేయదు."

"చేయదని నాకూ తెలుసు. విన్నానని చెబుతున్నాను."

"సరే, సర్వీస్‌కి తీసుకెళ్దాం. ఇయర్ డాక్టర్‌కి కూడా వెళ్దాం. డీల్?"

సర్వీస్ వాళ్లు కంప్యూటర్ తగిలించి, ఏ లోపమూ చూపించడం లేదన్నారు. ఆయిల్ ప్రెషర్ బాగుందన్నారు. బాగుంటుంది మరి, ఆ ప్రెషర్ కొలిచేది గొట్టం మొదలు కంటే ముందే. గొట్టం చివర ఏం చేరుతోందో చెప్పే సాధనం ఆ కారులో లేదు. ఈ మాట వాళ్లతో అన్నాను. వాళ్లు మా అమ్మాయి వైపు చూసి నవ్వారు.

చెవుల డాక్టరు దగ్గర ఆ నవ్వు కూడా లేదు. గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. బయటికి వచ్చాక గ్రాఫ్ చేతికిచ్చారు. అలాంటివి నేను వందల్లో గీశాను, చదవడానికి ఎవరూ సాయం చేయనక్కర్లేదు. నాలుగు వేల హెర్ట్జ్ దాకా నా గీత ఒక మాదిరిగా ఉంది. అక్కడినుంచి మెట్టు తప్పినట్టు కిందికి పడిపోయింది. ఆ పైన ఉండే శబ్దాలు, పిచ్చుకల అరుపు, కీచురాళ్లు, ఇవన్నీ నాకు వినిపించడం మానేసి చాలా కాలమైందట. నేను గమనించనే లేదు. పార్కింగ్‌లో మా అమ్మాయి కారు స్టార్ట్ చేయకుండా నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పిన సౌండ్ చాలా హై పిచ్ కదా? సూదితో గీసినట్టు అన్నావు."

"అన్నాను."

"మరి అది నీకు వినపడే చాన్స్ లేదమ్మా. సో అది కార్‌లో లేదు." వేలు తన తల వైపు ఎత్తబోయి దించేసింది. "ఇలా వినిపిస్తుంటే నువ్వు ఫ్రీవే మీద డ్రైవ్ చేయడం నాకు భయం. శనివారం వచ్చి కీ తీసుకుంటా. కోపం తెచ్చుకోకు."

నాకు కోపం రాలేదు. లెక్క ప్రకారం ఆమె చెప్పింది సరిగ్గానే ఉంది. అదే నన్ను భయపెట్టింది. కారులో లోపం లేకపోతే లోపం ఎక్కడుందో నాకు ఒక్క జవాబే మిగిలింది.

శనివారం అన్నట్టే వచ్చింది. తాళం చెవి అడిగేలోపే నేను అన్నాను.

"నీ ఫోన్‌లో శబ్దాన్ని గీతల్లో చూపించేది ఒకటి పెట్టుకో, ఊరికే దొరుకుతుంది. కారు బయట తిప్పుకొద్దాం. నేను ఇంజిన్ ఆపుతాను, నువ్వు ఫోన్ చూడు. నాకు వినిపించినప్పుడు చెయ్యెత్తుతాను. ఏమీ కనిపించకపోతే తాళం చెవి నువ్వే తీసుకెళ్లు."

"ప్రామిస్?"

"నేనెప్పుడైనా మాట తప్పానా?"

"డయాబెటిస్ విషయంలో తప్పావు. గులాబ్ జామూన్."

తిరిగొచ్చాక ఆమె బానెట్ దగ్గర నా వైపు వీపు పెట్టి నిలబడింది. కావాలనే అలా నిలబడమన్నాను, నా చెయ్యి చూసి తనకు తాను నచ్చజెప్పుకోకూడదు. ఇంజిన్ ఆపాను. కూత లేచింది. చెయ్యెత్తాను. తెగిపోయింది, దించాను. ఆమె కదల్లేదు.

"మళ్లీ చెయ్యి," అంది.

మళ్లీ వీధి చివరిదాకా వెళ్లొచ్చాం. ఈసారి నా వైపు తిరిగి నిలబడింది. నేను చెయ్యెత్తిన క్షణంలోనే ఆమె కళ్లు ఫోన్ మీంచి నా చేతి మీదికి, మళ్లీ ఫోన్ మీదికి వెళ్లాయి. దగ్గరికి వచ్చి చూపించింది. నల్లటి తెర మీద వెంట్రుకంత తెల్లగీత. పక్కన అంకె తొమ్మిది వేలు దాటి ఉంది.

"నాకు వినిపిస్తోంది, సన్నగా. రియల్‌గా ఉంది," అంది. గొంతు తగ్గిపోయింది. "కానీ అమ్మా, ఇది నువ్వు వినలేవు కదా."

"వినలేను."

"మరెలా?"

స్టీరింగ్ మీద నా చేతుల ఎముకల్లోకి అదురు వస్తోందేమో అన్నాను. అలాంటివి జరుగుతాయి. ఆమె తలూపింది. వంటింట్లో నేను పట్టుకున్నది గరిటె మాత్రమే అన్న సంగతి ఇద్దరికీ గుర్తొచ్చిందనుకుంటాను, ఇద్దరం ఆ గోడ వైపు చూడలేదు.

ఆ గొట్టం విప్పడం పెద్ద పని కాదు, మా కారులో పైనుంచే అందుతుంది. కొత్త గొట్టం, రాగి వాషర్లు తెప్పించాను. తర్వాతి శనివారం, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండగా, మా అమ్మాయి టార్చి పట్టుకుంటే నేను పైన కప్పిన రేకు తీసి, రెండు చివర్లా ఉన్న బోల్టులు విప్పాను. గొట్టాన్ని నిలబెట్టి పైనుంచి సన్నటి తీగ దించాను. అరచేతి పొడవు దిగి ఆగిపోయింది. రంపంతో కోసి చూస్తే లోపల అంతా నల్లగా, మాడిన అట్లపెనం అడుగులా గట్టిపడి ఉంది. మధ్యలో ఆయిల్‌కు మిగిలిన దారి సూది పట్టేంత.

"ఇలా ఎందుకు అయింది?" అంది.

"వేడి మీద ఉండగా ఇంజిన్ ఆపేస్తే ఆయిల్ కదలకుండా గొట్టంలో నిలిచిపోతుంది. పక్కనే టర్బో నిప్పులా ఉంటుంది. నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఫ్రీవే దిగితే మన ఇల్లు రెండు మలుపులే. అందుకే మీ నాన్న ఆగేవారు."

"మరి నువ్వెందుకు ఆగలేదు?"

నేను కొత్త వాషరు చేతిలోకి తీసుకున్నాను. ఆమెకే తట్టింది. వాళ్ల నాన్న పోయిన చలికాలం, మూసిన గరాజ్‌లో ఇంజిన్ నడుస్తుండగా కూర్చుని ఆ పొగకు ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ల గురించి ఎక్కడో చదివి నా చేత ఒట్టు వేయించుకుంది, గరాజ్‌లోకి రాగానే ఇంజిన్ ఆపేయాలని. ఆయనలా బయట డ్రైవ్‌వేలోనే ఆగి తర్వాత లోపలికి తేవచ్చన్నది ఆ చలికాలం ఇద్దరికీ తోచలేదు. మంచులో బయట ఎవరు కూర్చుంటారు.

"ఓ మై గాడ్, అమ్మా," అని టార్చి కింద పెట్టేసింది.

"ఎత్తు. ఇంకా పని ఉంది. ఇంజినీర్ల ఇంట్లో పుట్టి ఇంత సున్నితమా?"

కొత్త గొట్టం బిగించాక వెంటనే స్టార్ట్ చేయకూడదు. గొట్టం ఖాళీగా ఉంటుంది, ఇరుసు పొడిగా తిరిగితే ఆ మొదటి క్షణాల్లోనే పాడవుతుంది. అందుకని టర్బో లోపలికి కాస్త ఆయిల్ చేత్తో పోసి, ఇంజిన్‌కు పెట్రోలు అందించే ఫ్యూజు పీకేసి, మంట లేకుండా ఉత్తినే తిప్పాలి. నేను తిప్పాను. ఇంజిన్ అంటుకోకుండా, లేవలేని మనిషి మూలిగినట్టు అదే లయలో మూలుగుతూ తిరిగింది. మా అమ్మాయి రెండు చెవులూ మూసుకుంది. ఆయిల్ చేరిందనుకున్నాక ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేశాను. మెత్తగా అందుకుంది.

ఊరు చుట్టూ ఫ్రీవే మీద తిప్పుకొచ్చి, డ్రైవ్‌వేలో చల్లబడనిచ్చి, లోపలికి తెచ్చి ఆపాను. ఫోన్ తెర నల్లగానే ఉంది. ఆమె వంగి కిటికీలోంచి నన్ను చూసింది.

"ఏమైనా వినిపించిందా?"

"లేదు."

"ష్యూర్?"

"లేదన్నానుగా."

ఆమె ఊపిరి వదిలి నవ్వింది. "సరే, కీ నీదే. సారీ అమ్మా."

తాళం చెవి నా పర్సులో వేసుకున్నాను. నాకు నవ్వు రాలేదు. కారు సంగతి ఫోన్ తేల్చింది, నా చెవి లెక్క ఇంకా తేలలేదు. వినిపించకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. గొట్టం బాగుండటం ఒకటి. ఆ గ్రాఫులో గీసినట్టే నా చెవి ఉండటం రెండోది. ఆ రెండు నిశ్శబ్దాలకూ తేడా నాకు తెలియదు. ఆ వారాల్లో మాత్రం నా చెవి తనది కాని చోటికి ఎందుకు వెళ్లిందో, మళ్లీ అవసరమైనప్పుడు వెళుతుందో లేదో చెప్పగలిగిన వాళ్లు ఎవరూ లేరు. మా పెరట్లో ఏప్రిల్ నెలంతా పిచ్చుకలు చెట్ల మీద నోళ్లు తెరుస్తూ మూస్తూ కనిపించాయి. ఒక్కటీ వినిపించలేదు.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. లోపం వినిపిస్తే చెప్పగలను, లేదని మాత్రం ఇక చెప్పలేను, కాబట్టి గొట్టం మైళ్ల లెక్కన మారుద్దాం, నెలకోసారి వచ్చి ఫోన్‌తో చూసిపో అన్నాను. వస్తోంది. ప్రతి నెల మొదటి శనివారం తిరిగొచ్చి నేను ఇంజిన్ ఆపుతాను. ఆమె ఫోన్ పైకి పట్టుకుని బానెట్ దగ్గర నిలబడుతుంది. తెర మీద గీత వస్తే చూడవలసింది ఆమె. కానీ గత రెండు సార్లూ గమనించాను, ఆమె ఫోన్ వైపు చూడటం లేదు. కారు ముందు అద్దంలోంచి నా ముఖాన్నే చూస్తోంది.