చేతిదా, చార్జింగుదా?

కోరుట్ల బస్టాండు ఎనుక గల్లీల, ఇంటి ముంగటి గదిల ఫోన్లు బాగుచేసే శ్రీహరికి ఒక్కటే గుణం. ఫోనుకు వచ్చిన రోగమేందో చేతిల పట్టుకోంగనే చెప్తడు గని, దాన్ని ఏ స్క్రూడ్రైవర్‌తోని విప్పాలెనో మాత్రం ఈ నడుమ ఎంతకూ చెప్పలేడు.

ఆయన బల్ల మీద రెండు స్క్రూడ్రైవర్లుంటయి. ఒకటి చేతితోని తిప్పేది, పెన్సిలంత సన్నగుంటది. ఇంకోటి చార్జింగు పెట్టేది, మీట నొక్కితె తేనెటీగ లెక్క గుయ్యిమని దానంతల అదే తిరుగుతది. గిరాకి రాంగనే రెండు చేతులల్ల రెండు పట్టుకొని, తరాజు పట్టుకున్న సేటు లెక్క ఇటు జూసి అటు జూసి, ఎదురుంగ ఎవ్వలుంటె వాళ్లనే అడుగుతడు.

"చేతిదా, చార్జింగుదా?"

బీడీలు చేసే చంద్రవ్వ ఒకనాడు ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది.

"శ్రీహరీ, అవుతలోళ్ల మాట వినవడుతలేదు."

"స్పీకరు మీద దుమ్మున్నదవ్వా, తంబాకు దుమ్ము. ఊది పడేస్త."

"ఊదు మరి."

"ముందుగాల విప్పాలె గదా. చేతిదా, చార్జింగుదా?"

"నాకేమెరుక కొడుకా?"

"ఫోను నీదాయె. చార్జింగుదైతె జల్ది విప్పుతది. గని స్క్రూ తల అరిగిందనుకో, ఇగ రమ్మంటె రాదు. చేతిదైతె ఎంత తిరిగిందో వేలికి తెలుస్తది. గని ఆలిశమైతది."

"అయితే చేతిదే."

"ఆలిశమైతదవ్వా."

"అయితే చార్జింగుదే."

"తల అరుగుతదవ్వా."

చంద్రవ్వ నెత్తికి చెయ్యి పెట్టుకున్నది. "అరిగేది స్క్రూ తల కాదు బిడ్డా, నా తల. ఎవ్వల మాట వినకపోయినా మంచిదే, నా ఫోను నాకియ్యి."

ఈ లొల్లి గల్లీ అంత పాకింది. మంగలి రాజు చేతిది అన్నడు. దుకాణంల మిషనున్నా కత్తెరనే నమ్మే మనిషాయన. పిండిగిర్ని సుశీల చార్జింగుది అన్నది. "ఇసుర్రాయి తిప్పి తిప్పి నా చేతులు పోయినయ్, గా ముచ్చట నన్నడుగుర్రి" అన్నది. ఇద్దరు కొన్నొద్దులు మాట్లాడుకోలేదు. శ్రీహరి మాత్రం ఇద్దరి మాటకు తల ఊపి, మర్నాడు పొద్దుగాల మళ్ల మొదటికే వచ్చిండు.

అందరికంటే ఎక్కువ పరేషానైంది ఆయన భార్య వనిత. పెండ్లిచూపులకు సిరిసిల్లకు వచ్చిన నాడు చాయ్ సల్లారకముందే "పిల్ల నచ్చింది" అన్న మనిషి. ఇల్లు కిరాయికి తీసుకునేటప్పుడు తలుపు తీసి చూసి, లోపలికి పోకముందే సరే అన్న మనిషి. అసొంటోనికి వేలెడంత వస్తువు కాడ గిసొంటి తిప్పలేంది? దిష్టి తగిలిందేమోనని ఉప్పు మిరపకాయలు గూడ తిప్పేసింది. శ్రీహరి తుమ్మిండు గని మారలేదు.

ఆమె మనసుల అసలు బుగులు వేరే ఉన్నది. అది వాళ్ల బాపు ముత్యం గురించి. సిరిసిల్లల బతుకంత మరమగ్గాల మీద, అంటే అక్కడోళ్లు సాంచలు అంటరు చూడుర్రి, వాటి మీద గడిపిన మనిషి. వనిత తల్లి పోయినంక, చేతులు వణుకుతున్నయని సాంచ బందు చేసి ఒక్కడే గదిల కూసుంటె, వనిత పోయి పట్టుకొచ్చింది. వచ్చుడు వచ్చిండు గని, బియ్యం సంచి భుజాన ఎత్తుకొని వచ్చిండు, కంచం గూడ తనదే తెచ్చుకున్నడు.

"ఇదేంది బాపూ?"

"బిడ్డ ఇంట్ల పుక్కట్ల తింటె నలుగురు నవ్వుతరు. మా అయ్య తినలే, నేను తిన."

సంచి అడుగంటిన నాడు ముత్యం దుకాణంలకు వచ్చి, "సిరిసిల్ల బస్సు ఎప్పుడున్నది అల్లుడా?" అని అడిగిండు. శ్రీహరి జగిత్యాలల జరూరు పనున్నదని అటే పోయి, మాపటికి చార్జింగు స్క్రూడ్రైవర్ కొనుక్కొచ్చిండు. ఈయనకు పొద్దుగూకేలోపట గంత జరూరేమొచ్చిందో వనితకు సమజ్ కాలేదు. ఆ మర్నాడు మొదలైనయి ఈ తిప్పలు.

"మామా, చేతిదా, చార్జింగుదా?"

ముత్యం కండ్లద్దాలు తుడుచుకొని, ఫోనును దీపం కింద పెట్టి చూసిండు. "విప్పేటప్పుడు చార్జింగుది పట్టు. బిగించేటప్పుడు చేతిది పట్టు. విప్పుడు తొందరైతె ఫరక్ లేదు అల్లుడా, బిగించుడు తొందరైతేనే పలుగుతది. సాంచకైనా గంతే."

తలుపు చాటున వనితకు పానం లేచొచ్చింది. తెగింది పంచాయతి అనుకున్నది. ముత్యం గూడ డ్యూటీ దిగినట్టు చేతులు కడుక్కొని, కూసోని కడుపునిండ తిన్నడు.

మర్నాడు పొద్దుగాల...

"మామా, చేతిదా, చార్జింగుదా?"

"నిన్ననే చెప్తి గదా!"

"నిన్నటిది చిన్న ఫోను మామా. ఇది పెద్దది."

"ఓ, పెద్దదా? అయితే మళ్ల చూడాలె."

ఆ తెల్లారి, "నిన్నటిది నల్లది మామా, ఇది తెల్లది" అన్నడు. ముత్యం దానికీ ఆలోచన చేసిండు.

గిట్లుంటె గిరాకి ఎట్ల నిలుస్తది? మెట్‌పల్లి నుంచి వచ్చినాయన మామ అల్లుళ్ల విచారణ కొద్దిసేపు చూసి, "మీరు తీర్పు చేసుకోండ్రి, నేను మళ్లొస్త" అని ఎదురు దుకాణంల చొరబడ్డడు. ఇదంత వనిత చూసింది. దుకాణం పడిపోతె ముందుగాల లేచి ఊరికి పోయేది బాపే. మీకే లేదు, నాకేం పెడుతరు అంటడు. రెండుంటేనే కదా ఈ పరేషాని, ఒక్కటే ఉంటె ఏమడుగుతడు? గట్లనుకొని చార్జింగుదాన్ని తీసి బియ్యం డబ్బల అడుగుకు దాచిపెట్టింది.

పొద్దుగాల శ్రీహరి బల్ల అంత ఎతికిండు. సొరుగులు గుంజిండు, సాప దులిపిండు. ముత్యం వచ్చి స్టూలు మీద కూసున్నడు.

"ఏమైంది అల్లుడా?"

"చార్జింగుది కనవడతలేదు మామా."

"మంచిగైంది. ఉన్నది చేతిదొక్కటే. దాంతోనే విప్పు." బల్ల దిక్కు జూసిండు, తన చేతుల దిక్కు జూసిండు. "ఇగ నన్నడిగేదేమున్నది? బస్సు ఎప్పుడున్నది?"

లేచి లోపలికి పోయి అంగీలు మడతపెట్టుడు షురూ చేసిండు. వనిత ఉరికొచ్చి దుకాణంల చూస్తే, శ్రీహరి ముంగటున్న ఫోనును చేతిదానితోని, చూడకుంటనే విప్పుతున్నడు. స్క్రూలు పేలాల లెక్క మూతల రాలుతున్నయ్. కండ్లు మాత్రం మామ గది దిక్కే ఉన్నయ్.

"నీకు వస్తదా?" అన్నది వనిత నోరు తెరిచి.

"రాకపోతే గిన్నేండ్లసంది ఏం జేస్తున్న?"

"మరి రోజు బాపును అడుగుడేంది? చంద్రవ్వను, రాజును, ఊరందరిని అడుగుడేంది?"

"ఒక్క మామనే అడిగితె ఆయనకు అనుమానం రాదా?" అని గొంతు తగ్గించిండు. "బియ్యం సంచి ఒడిసిన నాడు మీ బాపు ఏమడిగిండు? యాదికి తెచ్చుకో. తర్వాత, గా చార్జింగుది ఏడ పెట్టినవో చెప్పు."

వనిత వంటింట్లకు ఉరికింది.

ముత్యం సంచి పట్టుకొని కంచం చంకన పెట్టుకొని గడప కాడికి వచ్చిండు. శ్రీహరి రెండు చేతులు పైకెత్తిండు. కుడిచేతిల ఒకటి, ఎడమచేతిల ఒకటి. రెండూ చేతితోని తిప్పేటియే, ఒకటి సొరుగులకెల్లి తీసిన పాతది.

"మామా, పోయేది పో గని, ఒక్క మాట చెప్పి పో. ఎర్ర పిడిదా, నల్ల పిడిదా?"

ముత్యం ఆగిండు. అల్లుని మొఖం చూసిండు, శానసేపు చూసిండు. మీసం కింద నవ్వో దగ్గో ఏదో కదిలింది.

"దేనికి?"

"తెల్ల ఫోనుకు."

"పెద్దదా, చిన్నదా?"

"నడిమిది మామా."

"అబ్బ, నడిమిదానితోనే కష్టం" అని ముత్యం సంచి కింద పెట్టి స్టూలు గుంజుకున్నడు.

గప్పుడే వనిత మోచేతి దాక బియ్యం పిండి అంటుకొని ఉరికొచ్చి, చార్జింగు స్క్రూడ్రైవర్‌ను తండ్రి ముంగట పెట్టింది. "ఇగో బాపూ, ఇది గూడ దొరికింది."

ముత్యం మూడింటిని వరసగ పెట్టి, కండ్లద్దాలు తుడుచుకున్నడు.

"మూడైనయా? గిది ఇయ్యాల రేపట్ల తెగేది కాదు బిడ్డా. ఇగో, గీ కంచం లోపల పెట్టి, నాకు గూడ ఎసట్ల బియ్యం పొయ్యి."