దీవిలో ఒక్క పూట

ఆ పుస్తకం ఫార్మింగ్టన్ హిల్స్ లైబ్రరీలో దొరికింది. పన్నెండు, పదమూడు వందల ఏళ్ల కిందట ఐర్లండ్ నుంచి కొందరు క్రైస్తవ సన్యాసులు తోలు పడవలెక్కి ఉత్తరాన ఎవరూ లేని దీవులకు వెళ్లారట. రాళ్లు పేర్చి చిన్న గదులు కట్టుకుని, పక్షి గుడ్లు తిని, దేవుడితో ఒంటరిగా బతికారట. తర్వాత వేరే జనం ఓడల్లో దిగేసరికి, వాళ్లతో పడలేక గంటలూ పుస్తకాలూ అక్కడే వదిలేసి వెళ్లిపోయారట. చదివి ముచ్చటపడలేదు, అసూయతో ఒళ్లు మండింది.

అది డెబ్బైల చివర. అమెరికాలో మా ఊళ్లో మేం తెలుగు క్రైస్తవులం ఎనిమిది కుటుంబాలం. ప్రతి శనివారం ఎవరో ఒకరింట్లో కూడిక. ఒకరి తర్వాత ఒకరు కాదు, అందరం ఒక్కసారే గొంతెత్తి ప్రార్థించడం మా పద్ధతి. పుట్టినప్పటి నుంచీ నాకు అదే అలవాటు. ఆ ఏడాది మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. ఈ గోలలోంచి నన్ను తీసి పక్కన కూర్చోబెడితే నాలో భక్తి అంటూ ఏమైనా మిగులుతుందా? ఆఫీసులో కార్ల డ్రాయింగులు గీస్తున్నా అదే, ఇంట్లో అన్నం వారుస్తున్నా అదే. ఒక్క చోట కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని.

ఒక శనివారం నోరు జారాను.

"నాకు కొన్నాళ్లు ఎవరూ లేనిచోట ఉండాలనుందండీ."

కూడిక నడిపే పెద్దాయన వెంటనే నోట్‌బుక్ తీసి ప్రార్థన అంశాల కింద రాసుకున్నారు. "సిస్టర్‌కి డిప్రెషన్‌లా ఉంది. అందరూ వంతులేసుకుని విజిట్ చేయండమ్మా," అన్నారు.

ఇక చూడండి నా తిప్పలు. సోమవారం ఒకావిడ కోడికూరతో, మంగళవారం ఇంకొకావిడ పాటల క్యాసెట్లతో, బుధవారం ఏకంగా ఇద్దరు. అందులో ఒకావిడ నా అంట్లు కూడా తోమేసి, "నువ్వు ఒక్కదానివే ఉండకూడదే. రోజూ నేనే డ్రైవ్ చేసుకుని వచ్చేస్తా," అంది. అంత మంచివాళ్లను విసుక్కోకూడదు. లోలోపల మాత్రం బాగానే విసుక్కున్నాను.

మూడో వారం మా ఆయనతో తెగేసి చెప్పాను, రెండు రోజులు నన్ను వదిలేయమని. "కార్‌లో గ్యాస్ ఫిల్ చేయించాను, మ్యాప్ మర్చిపోకు," అన్నారాయన. ఉత్తరాన సరస్సులో ఉన్న ఒక దీవికి ఫెర్రీ ఎక్కాను. అక్టోబరు నెల, టూరిస్టులు ఎవరూ లేరు. ఒడ్డున ఒక రాయి మీద కూర్చున్నాను. గాలి, నీళ్లు, అంతే.

కళ్లు మూసుకుని నోరు తెరిచాను. ఒక ఆంటీ మోకాలి నొప్పి, ఒక తమ్ముడి గ్రీన్ కార్డు, ఇంకెవరిదో లే ఆఫ్, అలా పెద్దాయన నోట్‌బుక్ మొత్తం ప్రభువుకు అప్పజెప్పాను. అది అయిపోయింది. నా సంగతి మొదలుపెడదామంటే మాట పెగల్లేదు. లేచి నడిచాను, మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచాను. అటు నుంచైనా ఏదో ఒకటి రాకపోతుందా అని గంటసేపు చూశాను. ఏమీ రాలేదు. భయం వేసింది. ఆ సన్యాసులకూ ఇలాగే ఉండేదేమో, ఆ పుస్తకంలో ఎవరూ రాయలేదు. రెండు రోజులకని వెళ్లినదాన్ని ఆ సాయంత్రం ఫెర్రీకే వెనక్కి వచ్చేశాను.

శనివారం కూడికకు వెళ్లేసరికే దీవి సంగతి అందరికీ తెలిసిపోయింది. పెద్దాయన నన్ను నిలబెట్టి సాక్ష్యం చెప్పమన్నారు.

"చెప్పమ్మా, అక్కడ దేవుడు నీతో మాట్లాడాడా?"

అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. కొందరి కళ్లు అప్పుడే తడిగా ఉన్నాయి.

"మాట్లాడాడండీ," అన్నాను.

గది దద్దరిల్లేలా స్తోత్రం అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనే.