కారులో సెలూన్ కుర్చీ

ముప్ఫై ఏళ్ళుగా నా తల చిన్నకత్తెర చేతిలో ఉంది. ఒక్కసారి కూడా గాటు పడలేదు. అలాంటి మనిషి కారు బతకాలా, తుక్కులోకి పోవాలా అన్నది తేల్చే కాగితం మొన్నామధ్య నా చేతికొచ్చింది. నేనెంత ఘనంగా తీర్పు చెప్పానో చెప్తాను, వినండి.

అతని తండ్రి పెద్దకత్తెర. అందుకని ఇతను చిన్నకత్తెర. అరవై ఒకటి దాటినా చిన్నకత్తెరే. పేరు అతని ఎత్తుకు కూడా సరిపోవడంతో ఇక మార్చే అవసరం ఎవరికీ కనపడలేదు. సెలూన్‌లో కుర్చీ చుట్టూ చెక్కపలకలు పరుచుకుని వాటి మీద నిలబడి పనిచేస్తాడు. నాలాంటి పొడుగువాడు వస్తే ఇంకో పలక వేస్తాడు. "పొట్టి" అన్నవాడికి చెవుల దగ్గర వెంట్రుకలు కాస్త ఎక్కువే తెగుతాయని మా వీధిలో చెప్పుకుంటారు. నేను అనను.

సెలూన్‌లో ఉన్నది ఒకే కుర్చీ. తండ్రి కొన్నది. కింద ఇనుప స్తంభం, పక్కన కాలితో తొక్కే మీట. తొక్కితే పైకి లేస్తుంది, వదిలితే ఉస్సుమని దిగుతుంది. నలభై రెండేళ్ళు ఆ కుర్చీ చుట్టూ తిరిగాడే తప్ప అందులో ఒక్కరోజు కూర్చోలేదు. ఎందుకయ్యా అంటే, "నేను కూర్చుంటే పనెవరు చేస్తారు సార్?" అనేవాడు.

కారు సంగతికొస్తే, అది కలప వ్యాపారి గారిది. ఆయనకి పక్షవాతం వచ్చి మంచం పట్టాక పదకొండేళ్ళ పాటు రోజూ పొద్దున్నే వెళ్ళి గడ్డం గీసేవాడు చిన్నకత్తెర. మంచం పక్క కిటికీలోంచి షెడ్డు, షెడ్డులో కారు కనిపించేవి. గడ్డం గీసినంతసేపూ ఆయన కారు కబుర్లే చెప్పేవారట. ఏ మలుపులో ఎలా తిరిగేది, చలికాలంలో ఎలా మొండికేసేది, అన్నీ. ఒకరోజు దిండు కింద నుంచి తాళాలు తీసి ఇతని చేతిలో పెట్టి, "డ్రైవర్ని పెట్టకు. నువ్వే నడపాలి" అన్నారు. ఆ నెలలోనే పోయారు. ఆయన కొడుకులు షెడ్డు ఖాళీ అయిందని సంతోషించారు.

చిన్నకత్తెర ఆ వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నాడు. చెయ్యి అద్భుతం. గొంతు మీద కత్తి నడిపిన చెయ్యి కదా, గేరు మారినట్టే తెలియదు. వచ్చిన చిక్కల్లా ఒకటే, రోడ్డు కనపడదు. పాతకాలపు కారు, లోతు సీటు, బారెడు బానెట్. ఒక దిండు వేశాడు. రెండు వేశాడు. మూడో దిండు వేసిన రోజు బజారు మలుపులో మూడూ కలిసి జారిపోయాయి, వాటితో పాటు అతనూ అద్దం కింద మాయమయ్యాడు. డ్రైవర్ లేని కారు వస్తోందని కూరగాయల బళ్ళవాళ్ళు పరుగో పరుగు.

అప్పుడు పుట్టింది ఆ ఆలోచన. కారులోంచి డ్రైవరు సీటు విప్పేసి, సెలూన్ కుర్చీ పట్టుకెళ్ళి బిగించాడు. ఎక్కి కూర్చుని నాలుగుసార్లు మీట తొక్కితే లోకమంతా కనపడింది. తిరిగే కుర్చీ అన్న సంగతి మాత్రం మొదటి మలుపు దాకా గుర్తురాలేదు. కారు ఎడమకి తిరిగింది, కుర్చీ కుడికి తిరిగింది, ఇతను వెనక సీటులో ఉన్న భార్యకి ఎదురుగా తేలాడు. కారు పోయి ఇసకకుప్పలో ఆగింది కాబట్టి సరిపోయింది. "పెళ్ళయ్యాక ఈయన నన్ను అంత సూటిగా చూసింది ఆ ఒక్కసారే అన్నయ్యగారూ" అని ఆవిడ తర్వాతెప్పుడో నాతో చెప్పి చెప్పి నవ్వింది. మర్నాడే కుర్చీ తిరగకుండా అడ్డంగా ఇనుప పిన్ను కొట్టించాడు.

ఇంతలో కొత్త నిబంధన వచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బళ్ళన్నీ నెలాఖరుకి తుక్కుకి అప్పగించాలి. కాపాడుకోదగ్గ పాతకారు అని మా పాతకార్ల సంఘం ధ్రువపత్రం ఇస్తే మాత్రం మినహాయింపు. సంఘంలో పరీక్షకులం ముగ్గురం. వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు గారు, బ్యాంకులో చేసిన పెద్దమనిషి, నేను. నేను నలభై ఏళ్ళు కార్ల విడిభాగాల దుకాణం నడిపినవాణ్ణి. అంచేత ఆఖరి సంతకం నాది. కళ్ళు మూసుకుని వాసన చూసి అసలు తోలో నకిలీ తోలో చెప్పేస్తానని సంఘం వార్షికోత్సవంలో రెండుసార్లు ఉపన్యాసం కూడా ఇచ్చాను.

పరీక్ష రోజు పొద్దున్నే చిన్నకత్తెర కారు తుడుచుకుని, సెలూన్ పక్కనే సంఘం పరీక్షలు పెట్టే ఖాళీ స్థలంలోకి తెచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన తల. మేం తలుపు తీశాం. ఎర్ర మెత్తలు, తెల్ల పింగాణీ చేతులు, పక్కన మీట. కుర్చీ మమ్మల్ని 'రండి, కూర్చోండి' అంటున్నట్టుంది.

బ్యాంకాయన నవ్వాపుకోలేక చెట్టు చాటుకి వెళ్ళారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "ఇదేంటయ్యా, కారా, సెలూనా?" అన్నాను.

"కారే సార్. కూర్చుంటే తెలుస్తుంది."

ఇంజనీరు గారు లోపలికి తల పెట్టి, "ఈ అద్దం ఎటు చూస్తోంది?" అన్నారు.

"నా వైపు సార్."

"వెనకొచ్చే బండి కనపడాలి కదయ్యా?"

చిన్నకత్తెర నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కుర్చీలో కూర్చున్నవాడికి వాడి మొహం కనపడాలి గదండీ?"

ఇన్నాళ్ళూ తన మొహం చూసుకుంటూనే నడిపాడన్నమాట! ఇంజనీరు గారు నిట్టూర్చి అద్దాన్ని వెనక్కి తిప్పారు. తర్వాత ప్యాంటు మోకాళ్ళు మాపుకుంటూ కారు కిందకి దూరారు. చాలాసేపు అక్కడే ఉండిపోయారు. బయటికొచ్చినప్పుడు ఆయన మొహం వేరేగా ఉంది.

"కారుకి ఎక్కడా కోత లేదు. కొత్త కన్నం కూడా లేదు. పాత సీటు బోల్టులు నాలుగే వాడాడు. కోసిందల్లా కుర్చీని. స్తంభం సగానికి కోయించి కింద పలక అతికించాడు."

"మా నాన్న కుర్చీ కోయించాను సార్. కారుకి గీత పడనివ్వలేదు" అన్నాడు చిన్నకత్తెర.

మా సంఘం నియమం ఒకటుంది. మార్పు ఏదైనా సరే, గంటలోపు విప్పి పాత భాగం బిగించగలిగితే, కాసిని మార్కులు తగ్గించి పాస్ చేయొచ్చు. ఆ నియమం రాసింది సాక్షాత్తూ నేనే. కానీ ఆ ఎర్ర మెత్తలు చూస్తుంటే నాకు నియమాలు గుర్తొస్తాయా?

"పాత సీటేదీ? అమ్మేసుంటావు. లేకపోతే ఎలకలు కొట్టేసుంటాయి" అన్నాను.

"ఎంతమాట సార్! షాపులో ఉంది. రోజూ తుడుస్తున్నాను."

"షాపులోనా? ఎక్కడ? నేను చూళ్ళేదే?"

అతను నా వంకా నేల వంకా చూశాడు. "మీరు చూళ్ళేదు గానీ సార్... కూర్చున్నారు."

ముగ్గురం సెలూన్‌కి నడిచాం. నాలుగడుగుల దూరమే. కుర్చీ ఉండాల్సిన చోట ఒక చెక్కపెట్టె, దాని మీద తెల్లగుడ్డ కప్పిన కొత్త ఆసనం. ఎనిమిది నెలలుగా నేను తల వాల్చి నిద్రపోతున్న ఆసనం. పోయిన నెలలోనే, "ఇదెక్కడ కొన్నావయ్యా, నా నడుంనొప్పి పోయింది" అని మెచ్చుకున్నాను కూడా. చిన్నకత్తెర గుడ్డ లాగేశాడు. నల్లటి అసలు తోలు, చేతి కుట్టు, కారు కంపెనీ ముద్ర. పక్కనే గోడ అరలో పెద్ద పౌడరు డబ్బా. ఆ పౌడరు వాసనలో తోలు వాసన పట్టలేదని చెప్పుకుందామనుకున్నాను. ఆ అవకాశం దక్కలేదు.

"కళ్ళు మూసుకుని చెప్పేస్తారు కదండీ మరి!" అన్నారు ఇంజనీరు గారు. బ్యాంకాయన ఈసారి నవ్వడానికి చెట్టు చాటు కూడా వెతుక్కోలేదు.

తప్పు చేసినవాడికి సిగ్గు రావాలి. నాకు కోపం వచ్చింది. సిగ్గుకంటే కోపం సుఖం మరి. "ముందు ఆ కుర్చీ పీకేసి ఈ సీటు బిగించు. అప్పుడే సంతకం. లేదంటే తుక్కే" అనేశాను. నియమం అలా లేదని బ్యాంకాయన గుర్తు చేయబోయారు. ఆఖరి సంతకం నాదని నేనూ ఆయనకి గుర్తు చేశాను.

చిన్నకత్తెర వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది. "కారు బతికితే చాలు సార్" అని జేబులోంచి పానా తీశాడు. కారు దగ్గరికెళ్ళి నాలుగు బోల్టులూ విప్పి, కుర్చీని చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి వెనక సీటులో పడుకోబెట్టి, సెలూన్ నుంచి తెచ్చిన సీటు బిగించాడు. పని చేయించుకునేటప్పుడు గడియారం చూడటం నా దుకాణం నాటి అలవాటు. ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

ధ్రువపత్రానికి ముద్ర వేసేది సంఘం ఆఫీసులో. అది ఊరికి అటు చివర. ఇంజనీరు గారూ బ్యాంకాయనా నాతో మాట కలపకుండా స్కూటర్ మీద వెళ్ళిపోయారు. చిన్నకత్తెర తాళాలు నా చేతిలో పెట్టాడు.

"మీరు నడపండి సార్. ఈ సీట్లో నాకు కనపడదు కదా."

నడిపాను. ఎంత కారండీ అది! చెయ్యి వేస్తే తిరుగుతుంది. కలప వ్యాపారి గారు పదకొండేళ్ళు ఎందుకు దాని కబుర్లే చెప్పారో నాకు మొదటి మలుపులోనే తెలిసింది. అతను నా పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. అతని కళ్ళెదురుగా ఉన్నది డాష్‌బోర్డు మాత్రమే.

కాసేపయ్యాక అడిగాడు. "ఇప్పుడెక్కడున్నాం సార్?"

"పిండిమర దాటుతున్నాం."

"ఓహో." ఇంకాసేపటికి, "ఇప్పుడో?"

"వంతెన ఎక్కుతున్నాం."

"కింద నీళ్ళున్నాయా సార్?"

తన కారులో తను కూర్చుని, వంతెన కింద నీళ్ళున్నాయో లేదో నన్నడుగుతున్నాడు. ముప్ఫై ఏళ్ళలో నేను ఆ మనిషి ముందు చెప్పుకున్న ప్రతి గొప్పా గుర్తొచ్చింది. ప్రతిదానికీ అతను పలక మీద నిలబడి "అవును సార్" అన్నాడు. ఎన్నడూ చెయ్యి వణకలేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఈసారి కోపం సాయానికి రాలేదు.

వంతెన దిగగానే కారు పక్కకి తీసి ఆపాను. జేబులోంచి కాగితం తీశాను. 'మార్పులు' అన్న గడిలో 'డ్రైవరు కుర్చీ' అని రాశాను. 'విప్పి పాత భాగం బిగించడానికి పట్టిన సమయం' అన్న చోట 'ఇరవై రెండు నిమిషాలు, నా కళ్ళతో చూశాను' అని రాశాను. 'అసలు భాగం స్థితి' అన్న చోట కలం కాసేపు ఆగింది. 'అద్భుతం. పరీక్షకుడు ఎనిమిది నెలలు కూర్చుని నిర్ధారించాడు' అని రాసి సంతకం గీకాను.

చిన్నకత్తెర కాగితం అందుకుని వేలు పెట్టి మెల్లగా చదివాడు. రెండోసారి చదివాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ముక్కు చీదాడు. ఆ తర్వాత అన్న మాట, "దిగండి సార్. పానా నా జేబులోనే ఉంది."

రోడ్డు పక్కనే మొదలుపెట్టాం. అతను కారు లోపల, నేను బయట బోల్టులు దోసిట్లో పట్టుకుని. దారినపోయేవాళ్ళు ఆగి, కారులో క్షవరం ఎంత సేపు పడుతుందని అడిగారు. నేను ఒక్కడి మీద మాత్రమే అరిచాను.

కుర్చీ ఎక్కి నాలుగుసార్లు మీట తొక్కాడు. పిన్ను సరిచూసుకున్నాడు. అద్దం తన వైపు తిప్పుకోబోయి, నన్ను చూసి, మళ్ళీ వెనక్కి తిప్పాడు. నేను వెనక సీటులో అసలు సిసలు తోలు సీటుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది బస్తా బియ్యం బరువుంది. కారు ఎప్పుడు కదిలిందో తెలియలేదు.

ఆఫీసు గేటు దగ్గర ఇంజనీరు గారూ బ్యాంకాయనా ఎదురుచూస్తూ నిలబడ్డారు. చిన్నకత్తెర వాళ్ళ ముందు కారు నెమ్మది చేశాడు, కానీ ఆపలేదు.

"ముద్ర ఎక్కడికీ పోదు కదా సార్? ఒక్క రౌండు వేసొద్దాం, ఆ నీళ్ళు చూడలేదు" అన్నాడు.

నా కాళ్ళు తిమ్మిరెక్కిపోతున్నాయి. "పోనీ" అన్నాను.