రెండు ఫోన్లు, ఒకే అకౌంటు

సూర్యారావు ఓడరేవులో క్రేన్ నడిపినవాడు. మేడంత ఎత్తున అద్దాల గదిలో కూచుని, గదంత ఇనపపెట్టెల్ని ఓడలోంచి లేపి లారీల మీద పువ్వులా దించేవాడు. రిటైరయ్యాక గాలం పట్టాడు. పొద్దున్నే బెడోక్ జెట్టీకి పోవడం, ఎండెక్కాక హాకర్ సెంటర్ తిండికొట్ల దగ్గర ఓ కోపీ, అదే అక్కడి కాఫీ, తాగి ఇల్లు చేరడం. చేపలు పడితే సరి, పడకపోయినా సరే. వాళ్ళ తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. సూర్యారావు పుట్టిందీ చదివిందీ సింగపూర్లోనే. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. ఆ మాట్లాడే తెలుగులోనూ అరవం, మలయ్ కలగలిసి ఉంటాయి, మాట చివర సింగపూర్ వాళ్ళకి మల్లే 'లా' అని తగిలిస్తాడు.

భార్య కుమారమ్మ మాత్రం పలాస దగ్గర నుంచి పెళ్ళయి వచ్చింది. తెలుగు గడగడా చదువుతుంది. ఇంగ్లీషు అంటే బస్సు బోర్డులు, మందుల డబ్బాల మీద పేర్లు, అంతవరకే. ఆవిడ మాటకారి. ఆ ఫ్లాట్‌లో మాట్లాడటం ఆవిడ వంతు, వినడం ఆయన వంతు. పెళ్ళయిన నాటి నుంచీ అలాగే హాయిగా జరిగిపోయింది.

రెండేళ్ళుగా ఆ వినడం తగ్గింది. వంటింట్లోంచి ఏదైనా అడిగితే ఉలకడు. టీవీ ముందు కూచుంటే పలకడు. ఒకటి అడిగితే ఇంకోటి చెబుతాడు. గట్టిగా అడిగితే విసుక్కుంటాడు. జెట్టీ మీద ఉండే సమయమూ పెరిగింది.

"వయసైపోయాక నా మాటలు చేదైపోయాయి ఆయనకి" అని పై అంతస్తులో ఉండే నిఖిల దగ్గర ఓసారి కళ్ళొత్తుకుంది కుమారమ్మ.

నిఖిలది కాకినాడ. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో పని. అక్కడి ఉద్యోగుల ఫోన్లు ఆగిపోయినా, అప్‌డేట్ అయ్యాక మెయిళ్ళు రాకపోయినా చూసేది ఆ అమ్మాయి టీమే. ఈ బ్లాకులో తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళందరి ఫోన్లకీ కూడా తనే దిక్కు.

ఒక శనివారం ఉదయం కుమారమ్మ ఫోన్ పట్టుకుని పైకి వచ్చింది.

"అమ్మాయ్, దీనికేటయిపోయిందో చూడు. నిన్న పప్పు పోపేస్తుంటే అప్‌డేట్ చెయ్యనా అని అడిగింది. సరే అని నొక్కీసాను. తెల్లారి లేచి చూస్తే నా ఫోన్ నిండా చేపలే!"

నిజమే. ఆవిడ మనవల ఫొటోల మధ్య సూర్యారావు పట్టిన చేపలు వరసగా కనిపించాయి. ఫోన్ నంబర్లలో ఆయన పాత పోర్టు స్నేహితులంతా వచ్చి చేరారు. ఇద్దరికీ తెలిసిన అరుణమ్మ పేరు రెండుసార్లు ఉంది.

నిఖిల సెట్టింగ్స్ తెరిచి చూసి నవ్వింది. "ఆంటీ, మీకూ అంకుల్‌కీ ఫోన్లు పెట్టి ఇచ్చింది సుస్మితక్కే కదా? రెండిట్లోనూ ఒకే అకౌంటు పెట్టేసింది."

సుస్మిత వాళ్ళ కూతురు. టోవా పాయోలో ఉంటుంది. అమ్మా నాన్నా రెండు పాస్‌వర్డ్‌లు గుర్తుంచుకోలేరని ఒక్కటే పెట్టింది.

"ఇన్నాళ్ళూ సింక్ ఆపేసి ఉంది, అందుకని తెలీలేదు. అప్‌డేట్ అప్పుడు మళ్ళీ ఆన్ అయింది. ఇప్పుడు ఆయన ఫోన్లోవి మీకు వస్తాయి, మీవి ఆయనకి పోతాయి. ఫొటోలు, నంబర్లు, వెతికినవి, అన్నీ. ఇదిగో చూడండి" అంటూ వెతికే పెట్టె మీద వేలు పెట్టింది. కిందకి వరసగా ఇంగ్లీషు లైన్లు జారాయి.

"ఇవి నేనడిగినవి కావే. నాకు ఇంగ్లీషులో అడగడం ఎక్కడొచ్చు? ఏటున్నాయి, చదువు."

నిఖిల ఆలోచించకుండా తెలుగులో చెప్పడం మొదలెట్టింది. "చెవి వినపడటం తగ్గితే మళ్ళీ వస్తుందా. చెవికి పెట్టుకునే మిషన్ బయటికి కనిపిస్తుందా. భార్య గొంతు మాత్రమే ఎందుకు వినపడదు..."

అక్కడికి వచ్చాక గొంతు తగ్గించేసింది. చదవకుండా ఉండాల్సిందని అప్పుడనిపించింది.

కుమారమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుని, తను చదవలేని ఆ ఆఖరి లైను మీద వేలు పెట్టింది.

"నా గొంతే వినపడదా?" అంది.

"సన్నటి గొంతులు ముందు పోతాయట ఆంటీ. మగవాళ్ళ గొంతు వినిపిస్తూనే ఉంటుంది, ఆడవాళ్ళదీ పిల్లలదీ తగ్గిపోతుంది. మా నాన్నగారికీ అంతే అయింది."

"మరి నాకు చెప్పొచ్చు కదమ్మా. నేనేటో అనుకుని ఎన్నెన్ని మాటలన్నానో." కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అకౌంట్లు ఇప్పుడే విడదీసేయమంటారా?"

"వద్దు. ఇప్పుడొద్దు" అని ఫోన్ తీసుకుని దిగిపోయింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పద్ధతి మారింది. ఏదైనా చెప్పాలంటే కుమారమ్మ వంటింట్లోంచి కేకెయ్యడం మానేసింది. గరిట పక్కనపెట్టి, వంటింటి ఫ్యాను ఆపి, ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, నిదానంగా చెప్పేది. ఆయన ఒకటికి ఇంకోటి చెప్పినా విసుక్కోలేదు. మళ్ళీ చెప్పేది. సూర్యారావుకి మొదట బాగానే ఉంది. తర్వాత అనుమానం వచ్చింది.

మరుసటి వారం ఆయనే నిఖిల తలుపు కొట్టాడు.

"అలమాక్, అయ్యో, ఈ ఫోన్‌కి పిచ్చి పట్టింది లా. నా దాంట్లో అంతా తెలుగు వస్తుంది. నాకు చదవను రాదు. నువ్వు చూసి చెప్పు."

కుమారమ్మ ఫోన్లో టైప్ చేయదు. మైకు నొక్కి తెలుగులో అడుగుతుంది. ఆవిడ అడిగినవన్నీ సూర్యారావు ఫోన్లో అక్షరాలై కూచున్నాయి. నిఖిల చూడగానే విషయం గ్రహించింది.

"ఏం లేదంకుల్, అప్‌డేట్ వల్ల వచ్చిన గోల. తీసేస్తాను."

"తీయడం తర్వాత. ఏమున్నాదో చదువు."

"వంటల గురించి..."

"అమ్మాయ్" అన్నాడాయన. "నేను క్రేన్ పైన కూచుని కింద మనిషి మొహం చూసి వాడు అబద్ధం చెప్తున్నాడో లేదో చెప్పేవాడిని. చదువు."

తప్పక చదివింది. ఎదురుగా కూచుని, ఆయనకి వినపడేలా, నిదానంగా.

"చెవి వినపడని వాళ్ళతో ఎదురుగా నిలబడి మాట్లాడాలా. అరవకుండా వినపడేలా ఎలా మాట్లాడాలి. ఆయన నొచ్చుకోకుండా చెవి డాక్టరు దగ్గరికి ఎలా తీసుకెళ్ళాలి."

సూర్యారావు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "అంటే నేను అడిగినవి కూడా దానికి పోయాయా?"

"పోయాయి అంకుల్. నేనే చదివి చెప్పాను. సారీ."

ఆయన కోప్పడలేదు. కిటికీలోంచి ఎదురు బ్లాకు వరండాల్లో ఆరేసిన బట్టల వైపు చూస్తూ చెప్పాడు. "మా నాన్నకి చెవులు పోయాయి. అందరూ అరిచి మాట్లాడేవాళ్ళు. తర్వాత అరవడం కూడా కష్టమని మాట్లాడటమే మానేశారు. భోజనాల దగ్గర అందరూ నవ్వితే ఆయనా నవ్వేవాడు, ఎందుకో తెలీకుండానే. నేనూ చూసి నవ్వినవాణ్ణే, చిన్నప్పుడు. నాకదే భయం. కుమారి మాట్లాడటం మానేస్తే ఇంకేముంది ఇంట్లో?"

"ఆంటీ మాట్లాడటం మానేస్తారా? మీకేమైనా మతిపోయిందా?" అంది నిఖిల.

అప్పుడాయన నవ్వాడు. కాసేపు ఆలోచించి ఫోన్ ముందుకు తోశాడు. "నేను చెప్తాను. నువ్వు తెలుగులో కొట్టు. ఆ వెతికే దాంట్లోనే."

నిఖిల ఆయన చెప్పినట్టే కొట్టింది: "శుక్రవారం చెవి డాక్టరు దగ్గరికి సూర్యారావుతో కుమారమ్మ వస్తుందా?"

ఆ ప్రశ్నకి ఫోన్ ఏవో క్లినిక్కుల పేర్లు చూపించింది. వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం ఆయన సోఫాలో కూచుని ఉండగా కుమారమ్మ గదిలోంచి వచ్చింది. చేతిలో ఉన్న ఫోన్లో వెతికే పెట్టె తెరిచి ఉంది. ఎదురుగా నిలబడింది. అడగడానికీ చెప్పడానికీ ఆవిడ దగ్గర ఎన్నో ఉన్నాయి. అన్నీ మింగి ఒక్క మాటే అంది.

"వస్తుంది."

పరీక్షలయ్యాయి. రెండు చెవులకీ చిన్న మిషన్లు పెట్టారు. జుట్టు వెనక దాదాపు కనపడవు. అవి ఫోన్‌తో కలిసి పనిచేస్తాయి. మొదటి వారం సూర్యారావుకి ప్రతిదీ గోలే. ప్లాస్టిక్ సంచి చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు. తన చెప్పుల చప్పుడు విని వెనక ఎవరో వస్తున్నారని తిరిగి చూశాడు. "తీసి అవతల పారేస్తా" అన్నాడు కూడా. కుమారమ్మ బతిమాలలేదు. "మీ ఇష్టం. నేను మాత్రం ఇంక ఒక్కసారే చెప్తాను" అంది. ఆయన మళ్ళీ పెట్టుకున్నాడు.

ఈ గొడవంతా తెలిసి సుస్మిత ఆదివారం వచ్చింది. ముందు నాన్నని కౌగలించుకుంది. తర్వాత కసిరింది. "వై నెవర్ టెల్ మీ, పా?" అంటూనే రెండు ఫోన్లూ తీసుకుని ఎవరి అకౌంటు వాళ్ళకి చేసింది. నంబర్లు వేరు చేసింది. చేపలు నాన్నకి, మనవలు అమ్మకి పంచింది. మనవల ఫొటోలు తనకీ ఉండాలన్నాడు సూర్యారావు. చేపలు తనకి అక్కర్లేదంది కుమారమ్మ.

కొన్నాళ్ళకి మళ్ళీ అప్‌డేట్ వచ్చింది. అదయ్యాక మిషన్లు ఫోన్‌తో కలవడం మానేశాయి. సూర్యారావు కంగారుపడలేదు. నిఖిల నేర్పినట్టే చేశాడు. ఫోన్లో మిషన్ల పేరు తీసేశాడు, ఫోన్ ఆపి మళ్ళీ వేశాడు, మిషన్లని డబ్బాలో పెట్టి తీసి కొత్తగా కలిపాడు. మొదటిసారి ఒక్క చెవే కలిసింది. మళ్ళీ మొదటినుంచీ చేశాడు. రెండో చెవిలోనూ చిన్న సంగీతం మోగింది.

సరిగ్గా అప్పుడే వంటింట్లో కుమారమ్మ చింతపండు పిసుకుతూ తనలో తను గొణుక్కుంటోంది. "పొద్దుట్నుంచీ ఆ ఫోన్ పట్టుకు కూచున్నాడు ముసలాడు. కూర తెమ్మంటే కదల్డు."

"ముసలాడికి వినపడుతుంది లా" అన్నాడు సూర్యారావు హాల్లోంచి. "ఏం కూర కావాలి?"

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. మిషన్లు పెట్టిన దగ్గర్నుంచీ ఇంకా ఏమేం గొణుక్కుందో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి కుమారమ్మ నాలిక కరుచుకుంది. తర్వాత, గొంతు పెంచకుండానే, "బెండకాయలు. లేతవి చూసి తెండి" అంది.

ఆయన సంచి తీసుకుని బయల్దేరాడు.