దేవదానం గారి ఆఖరి సీసా

2022 మే నెల. గవర్నర్‌పేటలో మా ఫ్రిజ్‌ల రిపేరు షాపు ముందు తారురోడ్డే లేచి వచ్చి నీడలో కూర్చునేంత ఎండ. భవానీపురం నుంచి ఫోను. "వైన్ దాచే చిన్న ఫ్రిజ్ కొన్నానయ్యా, వచ్చి బిగించిపెట్టు" అన్నారు దేవదానం గారు. రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి. ఆయన మామూలుగా మాట్లాడినా నా చెవిలోంచి గూడ్సుబండి వెళ్ళినట్టుంటుంది.

ఏ ఫారిన్ సరుకో నేలమాళిగ నిండా ఉంటుందనుకుని వెళ్ళాను. ఉన్నది ఒక్క సీసా. ఆయన భార్య మార్తమ్మ గారు ఏటా జాడీలో నల్లద్రాక్ష పులియబెట్టి, వడగట్టి, సీసాల్లో పోసేవారట. క్రిస్మస్ ముందు పాటలు పాడుతూ ఇంటికొచ్చే చర్చి వాళ్ళకి తలా చిన్న గ్లాసుడు ఇచ్చేవారట. కిందటేడు కరోనా ఆవిణ్ణి తీసుకుపోయింది.

"ఈ క్రిస్మస్‌కి కూడా ఆవిడ చేత్తో చేసిందే పొయ్యాలయ్యా. ఆ తర్వాత ఇంక లేదుగా" అన్నారు.

ఆ సీసాని షోకేసులో కొండపల్లి బొమ్మల మధ్య, ఆవిడ ఫొటో పక్కన నిలబెట్టి, రాత్రింబగళ్ళు లైటు వేసి ఉంచారు. కృష్ణ అవతలి ఒడ్డు పురుగులు కూడా మూటాముల్లె సర్దుకుని వచ్చేంత లైటు!

"ఇంత గౌరవం వైన్‌కి పడదండీ. వెలుతురూ వేడీ దానికి శత్రువులు" అన్నాను. థర్మోస్టాట్, అంటే చల్లదనాన్ని ఒకచోట నిలబెట్టే మీట, పదమూడు డిగ్రీల దగ్గర పెట్టాను. సీసాని పడుకోబెట్టాను. లోపలి వైన్ తగులుతుంటేనే కార్కు బిరడా ఎండి కుంచించుకుపోదు. కదిలించొద్దన్నాను. చంటిబిడ్డని ఊయల్లో వేసినంత బందోబస్తు చేసి, మహా గొప్పపని చేసినట్టు బయటికొచ్చాను.

నవంబరులో మళ్ళీ ఫోను. "నీ మిషన్ దొంగ మిషనయ్యా! పాడుచేసింది."

పరుగెత్తాను. పదమూడు డిగ్రీలు, చెక్కు చెదరలేదు. గ్యాస్కెట్, అంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు, చీమ కూడా పాస్‌పోర్టు చూపిస్తే గాని లోపలికి దూరనంత బిగువుగా ఉంది. సీసా తీసి చూశాను. బిరడా అంచులు పొట్టు రేగి, వేలితో లాగితే ఊడి వచ్చేట్టుంది.

"దేవదానం గారూ, దీన్ని తీస్తున్నారా?"

"తాగలేదయ్యా! ఒట్టు."

"తాగారనట్లేదండీ. మూత తీస్తున్నారా?"

ఆయన కిటికీ వైపు చూశారు. "సాయంత్రం పూట ఒక్కసారి. వాసన చూసి పెట్టేస్తా. వడగట్టే రోజుల్లో ఆవిడ చీరకీ చేతులకీ ఇదే వాసన."

"గాలి తగిలితే పులిసి వెనిగర్ అయిపోతుందండీ. క్రిస్మస్ దాకా మూత ముట్టుకోకుండా ఉండాల్సింది."

"అప్పటిదాకా నేనెట్టా ఉండాలయ్యా?"

ఆ గొంతులో గూడ్సుబండి లేదు.

చెంచాలో కాస్త పోసి ఇద్దరం నాలుక మీద వేసుకున్నాం. అల్లం పచ్చడిలోకి పనికొచ్చేంత పులుపు. ఆయన మొహం చిట్లించలేదు, మింగేశారు. "ఇది పోస్తే పాటలకొచ్చినవాళ్ళు ఊసేస్తారు. మార్తమ్మ చేసిందని ఎట్టా చెప్పను?" అన్నారు. సీసాకి మళ్ళీ బిరడా పెట్టి, "ఇంక చల్లదనం ఎందుకులే. మిషన్ తీసుకుపో" అన్నారు.

ప్లగ్ పీకాను. కంప్రెసర్, అంటే ఫ్రిజ్ గుండెకాయ, ఒక్కసారి వణికి ఆగిపోయింది.

ఈ వృత్తిలో వెలుతురు ఆపడం నేర్చుకున్నాను, వేడి ఆపడం నేర్చుకున్నాను. తలుపు మూసి ఉన్నంతసేపే నా మిషన్లు దేన్నయినా కాపాడతాయని మాత్రం ఆ ఇంట్లోనే తెలిసింది. తలుపు తీయకుండా ఉండలేని మనిషికి బిగించే పార్టు గవర్నర్‌పేట మొత్తం వెతికినా లేదు. నేను మిషన్ మోసుకుని మెట్లు దిగుతుంటే వెనక బిరడా ఊడిన చప్పుడు వినిపించింది.