పేరంటంలో మగ గొంతు

ఈ సాయంత్రం మా జోడ్‌భావి పేట్ కార్పొరేటరమ్మ హల్దీకుంకు పెట్టింది. మన పసుపు కుంకుమల పేరంటమే, ఆడవాళ్లే వెళ్తారు. బీడీల చాటలు పక్కన పెట్టి గల్లీకి గల్లీ వెళ్లాం. ఆడవాళ్ల సీటులో మేం ఓట్లేసి గెలిపించుకున్న మనిషి కదా, నీళ్ల సంగతి ఆమెనే అడుగుదామని లేచాను.

"అక్కా, మా గల్లీల నల్లా రోజూ ఎప్పటిసంది వస్తది?"

ఆమె నోరు తెరిచేలోపే, పక్క కుర్చీలో కూర్చున్న ఆమె భర్త మైకు అందుకున్నాడు.

"టెన్షన్ నక్కో వదినా, నేను చూస్త. ఆమెకు మాట్లాడుడు రాదు."

అంతకు ముందే ఆమె మైకు లేకుండా హాలంతా వినిపించేలా మమ్మల్ని పేరుపేరునా పిలిచి కూర్చోబెట్టింది! నాకు ఒళ్లు మండింది. పసుపు గిన్నె తీసుకుని వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను.

"పేరంటానికొస్తిరి కద అన్నా, కాళ్లు ముందుకు పెట్టున్రి. పసుపు రాస్త."

హాలంతా నవ్వింది, ఆమె కూడా. ఆయన చటుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. మైకు మాత్రం వదల్లేదు.

మీ వార్డులో ఎవరు గెలిచారని అడగను. మైకు ఎవరి చేతిలో ఉందో చెప్పండి.