కౌంటరు దాకా వెళ్ళని మనిషి

మా కోదండరాం బాబాయికి ఒకటే జబ్బు. ఎక్కడ క్యూ కనబడినా వెళ్ళి చివర నిలబడతాడు. అది దేనికోసమో ఆయనకు అనవసరం. ఉప్పుకైనా ఒకటే, రైలు టిక్కెట్టుకైనా ఒకటే.

బాబాయి అన్నానే గానీ చుట్టరికమేమీ లేదు. ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చి, తిరువొత్తియూరులో వాళ్ళ మేడమీది వాటాలో అద్దెకు దిగాను. ఇంటివాళ్ళను ఏమని పిలవాలో తెలియక బాబాయిగారూ అన్నాను. ఆయన భార్య వైదేహి నన్ను భోజనానికి కూర్చోబెట్టి పిన్ని వరస ఖాయం చేసేసింది. తరాలుగా చెన్నైలో పాతుకుపోయిన కుటుంబం. బాబాయి షావుకారుపేటలోని ఒక పప్పుల మండీలో, పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని లెక్కలు రాసి రాసి రిటైరయ్యాడు.

రిటైరైన కొత్తలో ఇంట్లో కూర్చుని పిన్ని వంటకు వంకలు పెట్టేవాడు. పప్పులో ఉప్పెక్కువ, చారులో చింతపండు తక్కువ. ఓపిక నశించి పిన్ని ఒకరోజు సంచీ చేతికిచ్చి చక్కెర కోసం రేషన్ షాపుకు తోలింది. ఆమె చేసిన పొరపాటు అదే. పొద్దున వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి ఖాళీ సంచీతో తిరిగొచ్చాడు.

"చక్కెర ఏడ?" అంది పిన్ని.

"లైను బలే కదిలిందే."

"సరుకు అయిపోయిందా?"

"అబ్బే, మూటలు మూటలు ఉండాది."

"మరి?"

"షాపు మూసేసినారు."

అప్పట్నించి అదే వరస. నీళ్ళ లారీ వచ్చే రోజు మా వీధిలో మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. రంగురంగుల ప్లాస్టిక్ బిందెలను బారుగా పెట్టి ఆడవాళ్ళు నీడన కబుర్లు చెప్పుకుంటారు. ఆ బిందెల మధ్య బాబాయి ఒక్కడే నిలువునా నిలబడి ఉంటాడు.

"మీరూ బిందె పెట్టి కూర్చోవచ్చు కదా బాబాయిగారూ?" అన్నాను.

"బిందె నిల్చుకుంటే దానికేం తెలుస్తాదిరా వంశీ?" అన్నాడు.

క్యూల మీద ఆయనకు గట్టి అభిప్రాయాలున్నాయి. స్టేషన్ లైనులో వేగమే గానీ సారం లేదట. బ్యాంకు లైనులో ఏసీ ఉంటుంది గానీ ఎవరూ నోరు విప్పరట. ఒకసారి జార్జిటౌన్‌లో ఒక కంపెనీ ముందు, ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాళ్ళ వరసలో కనబడ్డాడు. అందరూ టై కట్టుకున్నారు, ఈయన పంచె కట్టుకున్నాడు.

"ఉద్యోగం చేస్తారా?" అన్నాను కంగారుగా.

"సుమ్మా నిల్చుకోనుండా. ఈడ లైను బాగుందిరా, అంతా చదువుకున్నోళ్ళు."

సుమ్మా అంటే ఊరికే అని అరవం. ఆయన ఏ పనికైనా చెప్పే కారణం అదొక్కటే. తమాషా ఏమిటంటే, ఇన్ని లైన్లలో నిలబడినవాడు ఏ లైనులోనూ కౌంటరు దాకా వెళ్ళి ఏదీ పుచ్చుకోలేదు.

మేమంతా నవ్వుకున్నాం. పక్కింటి వినోదిని వచ్చి ఒక మాట చెప్పేదాకా నవ్వుతూనే ఉన్నాం. కూతుర్ని చూపించడానికి ఆవిడ సర్కారు ప్రసూతి ఆసుపత్రికి వెళ్ళిందట. అక్కడ గర్భిణుల లైనులో, ఓపీ చీటీ పట్టుకుని బాబాయి నిలబడి ఉన్నాడట.

ఆ సాయంత్రం పిన్ని మెట్లెక్కి పైకి వచ్చింది. మోకాళ్ళ నొప్పితో ఎప్పుడూ పైకి రాని మనిషి.

"మా మామగారికీ ఇట్లనే మొదలైంది అబ్బయా. ఏడకి పోతా ఉండాడో తెలీకుండా పొయ్యేవాడు. కడాకు మా అత్తను పట్టుకుని నువ్వెవరమ్మా అన్నాడు. ఈయన గూడా నన్నట్లా అడిగితే నేనేం చేసేది?"

నేను కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టాను.

"డాక్టరు కాడికి తీసకపోయే ముందు నువ్వొకసారి కండ్లారా చూసి రా" అంది.

మళ్ళీ గర్భిణులను చూసే రోజున ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్ళాను. వినోదిని చెప్పింది నిజమే. వరండా నుంచి గేటు దాకా లైను. అందరికీ నిండు పొట్టలు, మధ్యలో బాబాయికి పప్పుల మండీ పొట్ట. చేతిలో చీటీ. నా ప్రాణం ఉసూరుమంది. ఆ ఇంట్లో ఆ మాట ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ స్తంభం చాటున నిలబడ్డాను.

లైను కదిలింది. బాబాయి వంతు వచ్చింది. ఆయన కౌంటరు వైపు చూడనే లేదు. వెనక్కి తిరిగి, "జయంతీ, లేచి రామ్మా, నిదానంగా" అని కేకేశాడు. ఫ్యాను కింద బల్ల మీద కాళ్ళు చాపుకున్న ఒక అమ్మాయి లేచి వచ్చి, చీటీ అందుకుని ఆయన చోట నిలబడింది. బాబాయి గేటు దగ్గరికి నడిచాడు. అప్పుడే ఆయాసపడుతూ లోపలికి వచ్చిన మరో గర్భిణి చేతిలో చీటీ తీసుకుని, ఆమెకు బల్ల చూపించి, లైను చివర నిలబడ్డాడు.

"ఎవరి కోసం సార్?" అంది పక్కనుంచి నర్సు ఆరోగ్యమేరి.

"ఆయన కోసమే. ఆయనకు మతి సరిగ్గానే ఉందాండీ?"

"లైను తాతకా? మా అందరికన్నా బాగుండాది. వీళ్ళ మొగుళ్ళు పనులకు పోతారు, తోడు ఎవరూ రారు. తాత నిల్చుకుంటాడు. ఒకరి చోటులో ఒకరే కదా, ఎవరూ గలాటా చెయ్యరు. పాపం పెద్దాయన అని నేను ముందర పంపిస్తానంటే ఒప్పుకోడు. లైను లైనే అంటాడు."

ఎంత తేలికపడ్డానో చెప్పలేను. అక్కడే మెట్ల మీద కూలబడి నవ్వాను. రేషన్ షాపులో తన వంతు ఎవరో ముసలావిడకిచ్చి మళ్ళీ చివరికి వెళ్ళుంటాడు. ఇంటర్వ్యూ లైనులో ఎవడో జెరాక్సుకు పరిగెత్తి ఉంటాడు. నన్ను చూసి బాబాయి దొంగలా మొహం పెట్టాడు.

"ఇంట్లో చెప్పొచ్చు కదా బాబాయిగారూ?"

"చెప్తే మీ పిన్ని నా కాళ్ళకని దిగులు పడతాదిరా. ఇన్నేండ్లూ మండీలో కూర్చోనే బతికినా. ఈ కాళ్ళు కొత్తవి, వాడలేదు. పెట్టుకోని ఏం చేసేది?"

ఇంటికొచ్చి అంతా చెప్పాను. పిన్ని నమ్మలేదు. నా వెనకే వచ్చిన మొగుణ్ణి గుమ్మంలోనే ఆపింది.

"నేనెవరో చెప్పండి."

"పప్పులో ఉప్పెక్కువేసే ఆమె" అన్నాడు బాబాయి.

తన వంటను తిడితే పిన్ని అంత సంతోషించడం నేనెన్నడూ చూడలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ తరవాత కోపం తెచ్చుకుంది. "ఊళ్ళోవాళ్ళ పెండ్లాలకంతా నిల్చుకుంటారు. నాకొక్కనాడన్నా నిల్చుకున్నారా?"

ఆ మాటకు పరిహారంగా, అరవవాళ్ళ ఆడి నెల తగ్గింపుల రోజుల్లో బాబాయి మమ్మల్ని టి. నగర్‌లో ఒక బట్టల అంగడికి తీసుకెళ్ళాడు. పిన్ని చీర ఎంచుకుని, బిల్లు చేయించడానికి ఆయన చేతికిచ్చి, స్టూలు మీద కూర్చుంది. లైను అంగడి గుమ్మం దాకా ఉంది. బాబాయి కదిలి కదిలి ముందుకొచ్చాడు. జీవితంలో మొదటిసారి కౌంటరు తాకబోతున్నాడని నేను ఫోను తీసి ఫోటోకు సిద్ధమయ్యాను.

ఆయన వెనకాల ఒకావిడ, భుజాన నిద్రపోతున్న పిల్లతో నిలబడి ఉంది. బాబాయి ఆవిడ వైపు చూశాడు. తరవాత భయంభయంగా పిన్ని వైపు చూశాడు.

పిన్ని ఆ పిల్లను చూసింది. వేలాడుతున్న దాని కాళ్ళను చూసింది.

"నన్నేం చూస్తా ఉండారు? ఆమెను ముందర పంపించి మీరు కడాకు పోండి" అంది.

బాబాయి చీర చంకన పెట్టుకుని, హుషారుగా గుమ్మం వైపు నడిచాడు. పిన్ని ఇంకో స్టూలు నా వైపు లాగింది.

"కూర్చో అబ్బయా" అంది. "మనకిప్పట్లో కాదు."